వాపసు చేసిన బోణీ

మా ఊళ్ళో నా గురించి ఒక కథ ఉంది. చీపురుపల్లి మార్కెట్ రోడ్డులో టీ తాగే మగవాళ్ళందరికీ అది తెలుసు. ఎరువుల కొట్టు షావుకారు కొడుకు చేపలమ్మే అమ్మాయిని ప్రేమించాడు. ఆ అమ్మాయి వాడికి ఆశపెట్టి, రోజూ వాడి చేత చేపలు కొనిపించుకుని, చివరికి ఇంకెవరినో చేసుకుని పోయింది. పాపం, ఆ మనిషి పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆ కొట్లోనే ముసలివాడవుతున్నాడు. ఇదీ ఆ కథ. వ్యవసాయ శాఖలోకి బదిలీ మీద ఎవరొచ్చినా వారం తిరక్కుండా దీన్ని వాళ్ళ చెవిన వేస్తారు. ఆ తర్వాత ఆ మనిషి నా కొట్టుకి వచ్చినప్పుడు గొంతు కాస్త మెత్తబడి ఉంటుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మెత్తదనం మీదే నేను బతికాను.

అందులో నా ఒంటరితనం ఒక్కటే నిజం. అది కూడా వాళ్ళు చెప్పే కారణం వల్ల వచ్చింది కాదు.

పోయిన వేసవిలో రాజాం నుంచి ఇద్దరు మగవాళ్ళు నా కొట్టుకి వచ్చారు. సముద్రం వైపు మనుషులే, రాజాంలో చేపల హోల్‌సేల్ వ్యాపారం పెట్టుకుని స్థిరపడ్డారు. పెద్దాయన పెళ్ళికొడుకు తండ్రి, రెండో ఆయన ఆయనకి బావమరిది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"మా గుంటడికి సంబంధం సూసినాం బాబూ. పిల్ల బాగుంది, నర్సు సదువు సదివింది. ఆ పిల్ల తల్లి ఎప్పుడో ఈ రోడ్డు మీదే సేపలమ్మీదంట. ఎలాటోళ్ళో కనుక్కుందారని టీ కొట్టుకాడ అడిగినాం. అక్కడోళ్ళు నవ్వతన్నారు. మమ్మల్నడక్కండి, ఎదురుగా కొట్లో బాబుని అడగండంతన్నారు. ఏటి బాబూ సంగతి?"

నేను కుర్చీలు లాగాను. తల్లి మీద నేను అనబోయే మాటను బట్టి కూతురి పెళ్ళి నిలవడమో చెడడమో తేలుతుంది. ఇదే ప్రశ్న, ఇదే గుమ్మంలో, ఆ తల్లి గురించే చాలా ఏళ్ళ క్రితం ఒకసారి నన్ను అడిగారు. అప్పుడు నేనేం చేశానో చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి.

డిగ్రీ అయ్యాక ఉద్యోగ పరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి రాసి, ఒక్కటీ తగలక, నాన్న కొట్లో కూర్చునేవాణ్ణి. "ఈడు సెయ్యేస్తే మొలకొచ్చిన ఇత్తనం కూడా కుళ్ళిపోతాది" అని నాన్న రైతుల ముందే అనేవాడు. రైతులు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

మా కొట్టు ముందు రోడ్డు వారగా కొంత జాగా ఉంది. పొద్దున్నే పూసపాటిరేగ అవతల ఉన్న తీరం నుంచి చేపల ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చి అక్కడ గంపలు దించేవారు. జాగా పంచాయతీదే అయినా నాన్న వాళ్ళని కూర్చోనిచ్చేవాడని లెక్క. అందుకు బదులుగా మా ఇంటికి ఆ పూట కూరకి సరిపడా చేప వచ్చేది. ఏ గంపలోంచి తీసుకోవాలో నాన్న ఇష్టం.

ఒక రోజు వరస చివర ఒక కొత్త అమ్మాయి కనిపించింది. మోకాళ్ళు పట్టేసి తల్లి రాలేకపోతుంటే బదులుగా వచ్చింది. కవళ్ళ చేపల గంప. ఎండ ముదిరినా ఒక్క చేపా కదల్లేదు. నాన్న నన్ను ఆ పూట కూర చేప తెమ్మని పంపాడు. బోణీ కాని గంపలోంచి ఊరికే తీసుకోవడం తప్పని మాలాంటి వ్యాపారస్తుల ఇళ్ళలో చిన్నప్పుడే తెలుస్తుంది. అందుకని డబ్బిచ్చి కొన్నాను. దయతో కాదు, ఆచారం ప్రకారం. నేను అటు తిరిగానో లేదో ఒక హోటలు మనిషి వచ్చి గంపంతా బేరం చేసి పట్టుకుపోయాడు.

మర్నాడు నేను కొట్టు తీస్తుంటే ఆమె పిలిచింది.

"బాబూ, నీ సెయ్యి మంచిది. బోణీ సేసెల్లు."

నేను నోటిచ్చాను. ఆమె దాన్ని రెండు కళ్ళకీ అద్దుకుని, గంప అంచుకి తాకించి, బొడ్డులో దోపుకుంది. అద్దుకునేటప్పుడు కళ్ళు మూసుకుంది.

మొదటి బేరం నోటుని కూరగాయల వాళ్ళు, రిక్షా వాళ్ళు అందరూ అలాగే కళ్ళకి అద్దుకుంటారు. మా నాన్న, నేను కూడా ప్రతి ఉదయం మొదటి రైతు ఇచ్చిన నోటుని అలాగే అద్దుకునేవాళ్ళం. ఆ రైతుల్లో ఏ ఒక్కరూ నేను తమని ప్రేమిస్తున్నానని అనుకోలేదు. కానీ నా చెయ్యి మంచిదని నాతో అన్న మొదటి మనిషి ఆమె. అంతకు మించి నా దగ్గర ఆధారం లేదు. అంతకు మించి నాకు అక్కర్లేకపోయింది కూడా.

రోజూ బోణీ నాదే. పక్క గంపల ఆడవాళ్ళు నన్ను దూరం నుంచి చూడగానే "ఒలే, నీ బోణీ బాబు ఒస్తన్నాడే" అనేవారు. ఆమె సిగ్గుపడకుండా "మీకు లేడని ఏడుపేటి?" అని నవ్వేది. ఇద్దరి మధ్యా ఏమైనా ఉంటే ఆడది అలా నవ్వదన్న సంగతి ఇవాళ తెలుస్తోంది. అప్పుడు ఆ నవ్వుని ఇంటికి మోసుకుపోయేవాణ్ణి.

శనివారం మా ఇంట్లో చేప వండరు, కార్తీకంలో నెలంతా ముట్టుకోరు. నేను కొనడం మానలేదు. "శనివారం పూట సేపలేటిరా, మతిగాని పోయిందేటి?" అని అమ్మ గుమ్మంలోనే ఆపేసేది. గోదాము వెనక గొయ్యి తీసి పాతేసేవాణ్ణి. ఆమె కొసరుగా ఒక చేప ఎక్కువ వేస్తే అది నాకోసమే అనుకున్నాను. వెయ్యకపోతే చనువు పెరిగింది కాబట్టే వెయ్యలేదనుకున్నాను. "రోజూ ఇన్నేసి కొంతన్నావు, ఎవులు తింతన్నారు బాబూ?" అని ఒకసారి అడిగితే, నా ఇంటి సంగతులు తెలుసుకోవాలని ఆమెకి ఉందనుకున్నాను. ఆమె ఏం చేసినా నా లెక్కలో ఒకే వైపు పడేది.

ఎదురుగా టీ కొట్టులో కూర్చుని చూసేవాణ్ణి. అక్కడివాళ్ళకి అది కాలక్షేపం. "ఏటి బావా, ఈ రోజు సేప కొన్నావా, సేపలమ్మిని కొన్నావా?" అనేవాడు టీ కొట్టతను. నేను కసిరినట్టు నటించేవాణ్ణి. లోపల సంతోషం. ఆ మాట ఆమెకి వినపడుతుందని, ఆమె తల ఇంకాస్త దించుకుంటోందని చూశాను. దానికీ నాకు అనుకూలమైన అర్థమే చెప్పుకున్నాను.

ఒక రోజు ఆమె స్వయంగా నాతో అంది. "బాబూ, అలాగ ఎదురుగుండా కూకోకు. ఆడోళ్ళు నా కాడ బేరానికి రాటానికి ఎనకాడతన్నారు."

నేను ఎక్కడ కూర్చుంటున్నానో ఆమె గమనిస్తోందని ఆ రోజంతా గాల్లో తేలాను.

తర్వాత ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ఎవరో ముసలావిడ బోణీ చేసి వెళ్ళిపోయింది. "నేనొచ్చేదాకా ఆగలేకపోయావా?" అన్నాను. ఆమె మొదట నవ్వేసింది. "సూరీడు ఆగుతాడేటి బాబూ, సేపలు ఆగుతాయేటి?" అంది. తలెత్తి నా మొహం చూసి నవ్వు ఆపేసింది. గంపని తన వైపుకి కొంచెం లాక్కుంది. ఆమె నాకు భయపడడం అదే మొదలు. పక్కనున్న పెద్దావిడ చేతిలోని కత్తి ఆపి మా ఇద్దరి వైపూ చూసి, మళ్ళీ చేప కొయ్యడంలో పడిపోయింది.

ఆ వారమే ఆమె ఎక్కిన ఆటో వెనక మోటార్ సైకిల్ మీద వాళ్ళ ఊరు వెళ్ళాను. పందిళ్ళకి సరుగుడు కర్రలు బేరం చెయ్యాలన్నది నేను అనుకున్న సాకు. వాళ్ళది తీరానికి దగ్గర్లో రేకుల ఇల్లు. తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది, మోకాలికి గుడ్డ కట్టుకుని. నన్ను చూసి లేవబోయి లేవలేక, పక్కింట్లోంచి కుర్చీ తెమ్మని ఎవరినో కేకేసింది.

"ఇంత దూరం వచ్చినావేటి బాబూ? మాం ఏటైనా తప్పు సేసినామా? కొట్టు ముందు సోటు కాళీ సెయ్యమంతన్నారా నాన్నగారు?"

ఆ ముసలామెకి నేనంటే అంతే. ఆ జాగా. లేదు లేదని చెప్పి ఊరుకోవలసింది. "లేదమ్మా, అలాంటిదేం లేదు, ఇప్పటికైతే" అన్నాను. ఆ చివరి మాట ఎందుకు కలిపానో నాకు బాగా తెలుసు. ఇసకలో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తున్న కూతురు ఆ మాట విని చేతులు దులుపుకుని లేచింది.

రోడ్డు దాకా నా వెంట వచ్చింది. నేను ఎదురుచూసిన క్షణం వచ్చిందనుకున్నాను.

"సెయ్యి మంచిదన్నాను బాబూ. మరేటీ అన్లేదు. ఇక్కడికి రాకు."

"మరి నోటు కళ్ళకి అద్దుకునేదానివి కదా" అన్నాను. ముప్ఫై ఏళ్ళకి దగ్గరపడుతున్న మగవాణ్ణి, డిగ్రీ చదివినవాణ్ణి, ఆ మాట అన్నాను.

ఆమెకి కొంతసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను చూసిన చూపులో కోపం కన్నా జాలి ఎక్కువుంది. నేను భరించలేకపోయింది ఆ జాలినే.

"అది లచ్చిందేవి బాబూ. నువ్వు కాదు."

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక తెలివితక్కువవాడి కథ అయ్యేది. నలుగురూ నవ్వుకుని మర్చిపోయేవారు.

మర్నాటి నుంచి ఆమె గంప మీద తడి గోనె కప్పి, వేరే ఎవరైనా బోణీ చేశాకే తీసేది. నేను ఇంకా ముందు వెళ్ళడం మొదలుపెట్టాను. ఆటో ఆగేసరికి అక్కడ ఉండేవాణ్ణి. గంప దింపగానే చెయ్యి చాచి "ఇవ్వు" అనేవాణ్ణి. మొదటి బేరానికి వచ్చిన మనిషిని ఏ అమ్మకందారూ తిప్పి పంపడు. పంపితే వచ్చిన లక్ష్మిని తోసేసినట్టు. ఆమె చేతిని ఆ నమ్మకం కట్టేసింది. నోటు తీసుకునేది, కళ్ళకి అద్దుకోకుండా గంప కింద పెట్టేది. చేప ఇచ్చేది.

కాసేపటికి, రోడ్డు మీద జనం బాగా చేరాక, నేను ఆ చేపల్ని తిరిగి తెచ్చి ఆమె గంపలో పడేసేవాణ్ణి. "కుళ్ళు చేపలు అంటగడుతున్నావు. నా డబ్బు నాకియ్యి" అనేవాణ్ణి, అందరికీ వినపడేలా. అవి కుళ్ళినవి కావు. మొప్పలు ఎర్రగా ఉండేవి.

బోణీ వాపసు రావడం అంటే ఏమిటో నేను ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. ఒకసారి మా కొట్లో మొదటి బస్తా వెనక్కి వచ్చినప్పుడు నాన్న పసుపు నీళ్ళు చల్లి, షట్టరు సగం దించి కూర్చున్నాడు. అలాంటి గంప దగ్గర ఆ రోజు ఎవరూ ఆగరు. దాని పక్క గంపకి కూడా ఆ దోషం అంటుతుందని భయం. ఇదంతా తెలిసే చేశాను. ఒక రోజు కాదు, ఆమె రావడం మానేసేదాకా చేశాను. మిగతా ఆడవాళ్ళు వాళ్ళ గంపల్ని కొంచెం కొంచెంగా అవతలికి జరుపుకుంటూ పోయారు. వరస చివర ఆమె ఒక్కతే, మధ్యలో ఖాళీ. మధ్యాహ్నానికి నిండు గంప ఎత్తుకుని ఆటో వైపు వెళ్ళేది. చేప వాపసు తీసుకుని డబ్బు నా అరచేతికి తగలకుండా పైనుంచి వదిలేది. ఒక్క మాట అనేది కాదు. ఆమె తిట్టి ఉంటే, ఏడ్చి ఉంటే బాగుండునని నాకుండేది. ఏదో ఒకటి నాకోసం చేసినట్టయ్యేది.

ఆమె రాకపోయాక టీ కొట్టులో అడిగారు. "ఏటైంది బావా, మీ ఇద్దరికీ?"

ఒక నిట్టూర్పు విడిచి, "వొగ్గేయండి. ఆడపిల్ల పేరు మనకెందుకు?" అన్నాను. నేను చెప్పిన అబద్ధం అంతే. అందులో అబద్ధమనదగ్గ మాట ఒక్కటీ లేదు, చూడండి. ఇప్పుడు ఊళ్ళో చెప్పుకుంటున్న కథ మొత్తం అందులోంచే పుట్టింది.

కొన్ని నెలలకి, ఆమెకి సంబంధం చూస్తున్న వాళ్ళ తరఫున ఒకాయన వాకబు చెయ్యడానికి వచ్చాడు. మా వైపు పిల్ల గురించి తెలుసుకోవాలంటే ఇంటికి వెళ్ళే ముందు పిల్ల మెలిగిన సంతలోనో, రోడ్డు మీదో నాలుగు మాటలు అడుగుతారు. టీ కొట్టువాళ్ళు ఆయన్ని నా దగ్గరికి పంపారు.

"ఆ పిల్ల ఎలాటిది బాబూ?"

నేను తల దించుకున్నాను. కొంచెం నవ్వాను. "మంచి పిల్లే. చేసుకుంటే చేసుకోండి" అన్నాను. ఆయన నా మొహం వంక కాసేపు చూసి, తాగుతున్న మంచినీళ్ళు సగంలో పెట్టేసి లేచాడు. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత వచ్చినవీ నిలవలేదు. చివరికి పారాదీప్‌లో బోట్ల మీద పనిచేసే ఒకాయనకి ఇచ్చారు. భార్య పోయి, పిల్లలున్న మనిషి, ఆమె కన్నా బాగా పెద్ద. ఆ కబురు మా కొట్టు ముందు గంపల మధ్య నుంచే నాకు వినపడింది. ఆ రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను.

నాకు పెళ్ళి కాకపోవడం గురించి కూడా రాయాలి. ఆమె కోసం నేను ఆగలేదు. అమ్మ సంబంధాలు చూసింది, నేను ఒప్పుకున్నాను. వాళ్ళూ వాకబు చేశారు, కానీ టీ కొట్టులో కాదు. వాళ్ళ ఆడవాళ్ళు వచ్చి చేపల వరసలో అడిగి వెళ్ళారు. ఆ తర్వాత ఒక్కరూ మళ్ళీ రాలేదు. అమ్మ కడదాకా ఆమెనే తిట్టింది. ఆ తిట్లు కూడా నేను విని ఊరుకున్నాను.

పశ్చాత్తాపం నాకు ఎప్పుడో ఒక రోజు మెరుపులా రాలేదు. కొన్నేళ్ళ కిందట కాలేజీ అమ్మాయి వెంట పడుతున్న ఒక కుర్రాణ్ణి, నాలుగు మంచి మాటలు చెప్పమని, ఆ అమ్మాయి తండ్రే నా కొట్టుకి తీసుకొచ్చాడు. ప్రేమలో దెబ్బతిన్నవాణ్ణి కదా, నా మాట వింటాడని ఆయన ఆశ. వాడు వంగి నా కాళ్ళు ముట్టుకున్నాడు. "నాను కూడా మీలాగే మావా. సచ్చేదాకా ఒక్కర్తే" అన్నాడు. వాడి మొహంలో ఆ వెలుగు నాకు తెలుసు. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. వాడికి నిజం చెప్పాల్సింది, చెప్పలేదు. ఇంటికి పొమ్మన్నాను. కానీ ఆ తర్వాత నా కథని ఎవరు చెబుతున్నా అక్కడ కూర్చోలేకపోయేవాణ్ణి.

ఇంతలో రాజాం మనుషులు వచ్చారు. ఆమె భర్త పోయాక పారాదీప్ నుంచి తల్లి ఊరికి తిరిగొచ్చిందని, కూతురిని కష్టపడి చదివించిందని వాళ్ళ నోటే విన్నాను.

ఈసారి అంతా చెప్పాను. ఆమె నన్ను ఒక్క రోజు కూడా కోరుకోలేదని చెప్పాను. బోణీ కోసం పిలిచిందని, నేను వెంటపడ్డానని, ఊరికి వెళ్ళి ముసలామెని బెదిరించానని, తాజా చేపల్ని కుళ్ళినవని వాపసు చేశానని, సంబంధం చెడగొట్టానని వరసగా చెప్పాను. ఎక్కడా తడబడలేదు. ఎన్నోసార్లు మనసులో చెప్పుకున్నదే.

పెద్దాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంత పేమ ఎట్టుకున్నావు బాబూ" అన్నాడు. "ఇన్నాళ్ళయినా ఆమె మీద ఒక్క మాట పడనీటం లేదు."

"అది కాదండీ, నేను..."

"తెలుస్తన్నాది. తప్పంతా నీ నెత్తి మీదేసుకుంతన్నావు" అన్నాడు బావమరిది. "ఉత్తినే ఎవుడేసుకుంతాడు? ఏదో లేందే."

వాళ్ళు వెళ్ళిపోయారు. నేను అడ్డంపడి ఇంకా చెప్పబోతే, పెద్దాయన నా భుజం తట్టాడు. దారిలో టీ కొట్టు దగ్గర ఆగారు. సాయంత్రానికి కథకి కొత్త ముగింపు వచ్చింది. ఆమె పరువు కోసం ఆ మనిషి తన మీద తనే నింద వేసుకున్నాడట. ఇన్నేళ్ళ అబద్ధం కన్నా నా నిజం ఆ పిల్ల పెళ్ళికి ఎక్కువ చేటు తెచ్చేలా ఉంది.

మర్నాడు పొద్దున్న చేపల వరసలోకి వెళ్ళాను. అప్పట్లో ఆమె పక్కన కూర్చున్న పెద్దావిడ ఇంకా వస్తోంది. ఇప్పుడు బాగా ముసలిది, కానామంతల చేపల బేసిను ముందు కత్తిపీట వేసుకుని ఉంది. నేను నిలబడే చెప్పాను, అందరికీ వినపడేలా. అప్పుడు అబద్ధం ఎంత గట్టిగా చెప్పానో అంత గట్టిగా. ఆ రోజుల్లో నేను వాపసు చేసిన చేపలు మంచివేనని చెప్పాను.

ఆవిడ కత్తి ఆపలేదు.

"మాకు తెల్దేటి బాబూ? మాది సేపల బతుకు. అయ్యి మా ఆటోలోనే వచ్చినాయి, మా గంపల్లోయీ అయ్యే సేపలు."

"మరి గంపలు ఎందుకు జరుపుకున్నారు?"

"జరక్క? మీ నాన్న కొట్టు ముందు కూకుంతన్నాం. నీకు దాని మీద కోపమొచ్చినాది. రేపు నా గంప మీదొస్తే నా పిల్లలేటి తింతారు?" చేప తల ఒక వైపుకి విసిరింది. "దానికీ తెలుసు. జరగండప్పా, నా కోసం మీరెందుకు పస్తులుండాలని అదే సెప్పినాది."

నేను ఆ మాట వినడానికి సిద్ధపడి రాలేదు.

అవతలి గంప దగ్గర నడివయసు మనిషి నవ్వింది. "ఇన్నేళ్ళకి సెప్పతన్నాడే అప్పా, ఐసులో ఎట్టిన సేపలాగ."

"ఐసులో ఎట్టినా కంపు పోద్దేటి" అంది ఇంకొకామె. వరసంతా నవ్వింది. ముసలావిడ నవ్వలేదు.

రాజాం వాళ్ళకి మీరైనా చెప్పండి, మీ మాట నమ్ముతారు అని బతిమాలాను.

"నువ్వు సెప్పే దాకా మాం ఆగుతామేటి? ఆ పెళ్ళికొడుకు తల్లి కూడా గంపెత్తిన మనిషే. నెల్లాళ్ళ కిందటే ఫోనులో మాటాడినాను. బోణీ సేప రోజూ ఎనక్కిచ్చీవోడని సెప్పినాను. ఎవుడాడు, ఆడికి పురుగులు పడా అంది. అంతే. మరింకేటీ అడగలేదు. మగోళ్ళకి తోసక మీ టీ కొట్టుకొచ్చినారు గానీ, ఈ పెళ్ళి ఎప్పుడో కుదిరిపోయినాది."

నిజం చెప్పడానికి నేను పోగుచేసుకున్న ధైర్యంతో ఎవరికీ పని లేకపోయింది. పని లేకపోతే పోనీ, ఇంకాస్త ఉంటే అదే పెళ్ళికి అడ్డం పడేది. నేను తిరిగి వెళ్ళబోతుంటే ఆవిడ పిలిచింది.

"బాబూ, అది నీకో మాట సెప్పమన్నాది. పెళ్ళిబండి ఈ రోడ్డునే ఎల్తాది. ఆ రోజు నీ మొకం దాని కంట పడకూడదంట. దండం పెట్టడానికి రాకు, ఏడవడానికి రాకు, తప్పైపోయిందనడానికి అసలే రాకు. నీ సమాచారం ఏదైనా దానికి అక్కర్లేదంట."

అందుకే నేను ఆమె దగ్గరికి వెళ్ళలేదు, వెళ్ళను. ఇది రాయమని కూడా ఆమె అడగలేదు. టీ కొట్టు వాళ్ళు ఇంకా ఆ కథ చెబుతూనే ఉన్నారు కాబట్టి, అది విని నా కాళ్ళు ముట్టుకునే కుర్రాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి రాస్తున్నాను. ఆమె పేరు ఇందులో లేదు, నా పేరూ లేదు. కథ తెలిసిన వాళ్ళకి మనుషులు ఎవరో తెలుస్తుంది. ఆమె ఏ ఆశా పెట్టలేదు. ఏ మోసమూ చెయ్యలేదు. ఒకడు బోణీ చేస్తే కళ్ళకి అద్దుకుంది.

శ్రావణంలో, పెళ్ళిరోజు పొద్దున్న నేను కొట్లోకి వెళ్ళి లోపల్నుంచి షట్టరు దించేశాను. ఇంట్లో ఉండిపోవచ్చు. కానీ మా ఇల్లు కూడా ఆ రోడ్డు మీదే, వీధి అరుగు మీద ఎవరో ఒకరు నన్ను పలకరించడానికి వస్తారు. కొట్లో యూరియా ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. బస్తాల మీద కూర్చున్నాను. ఎండ ఎక్కుతున్న కొద్దీ రేకు వేడెక్కింది.

కొంతసేపటికి వ్యాను హారన్లు వినపడ్డాయి. వ్యాన్లు కొట్టు ముందే ఆగాయి. చేపల వరసలో ఆడవాళ్ళు లేచి వెళ్ళినట్టున్నారు, గాజుల చప్పుడు, ఒకేసారి నలుగురైదుగురి మాటలు. "ఏదే, పెళ్ళికూతురు మొకం ఇలా తిప్పండే." "నీసు సేతుల్తో ముట్టుకోకు, సీర పాడైపోద్ది." "ఓలమ్మ, నీసు సేతులైతే ఏటి, దీనమ్మవీ అయ్యే సేతులు కాదేటి?" నవ్వులు.

అప్పుడే ఎవరో షట్టరు మీద కొట్టారు. రైతు గొంతు. "బావూ, కొట్టు తియ్యవేటి? నాట్లయిపోయినాయి, రెండు బస్తాలు కావాల."

నేను కదల్లేదు. మళ్ళీ కొట్టాడు.

"ఈ పూట తియ్యడు. ఎల్లి మధ్యానం రా" అని బయట నుంచి ఒక ఆడమనిషి అంది.

అది ముసలావిడ గొంతు కాదు. ఆమె గొంతేమో అనుకున్నాను. తర్వాత ఇంకో గొంతు నవ్వింది, అదేనేమో అనుకున్నాను. ఆ తర్వాత ఇంకోటి. నెలల తరబడి ఆమె ఎదురుగా కూర్చున్నవాణ్ణి, ఆమె కోసమే బతుకుతున్నానని ఊరంతా అనుకునేలా చేసినవాణ్ణి. ఆ గొంతుల్లో ఆమెది ఏదో నాకు తెలియలేదు.

వ్యాన్లు కదిలాయి. హారన్లు రాజాం వైపు వెళ్ళిపోయాయి. రైతు ఇంకా బయటే ఉన్నాడు, బీడీ కంపు షట్టరు కిందనుంచి లోపలికి వస్తోంది. మధ్యాహ్నమయ్యేదాకా నేను అక్కడే కూర్చున్నాను.